క్రిస్మస్ ఫ్రెండ్ ఇచ్చిన సెంటు

నేను ఒక సెంటును. సీసాను కాదు, దయచేసి గమనించండి. సీసా నా ఇల్లు మాత్రమే. చాలామంది ఆ గాజు నగిషీ చూసి "అబ్బ, ఎంత బాగుందో!" అని అక్కడితో ఆగిపోతారు. ఇల్లు చూసి ఇంట్లోవాళ్లను మెచ్చుకోవడం మనుషులకు మామూలే కాబట్టి నేను పెద్దగా పట్టించుకోను.

నా పేరు "డిసెంబర్ ఉదయం". సీసా మీద బంగారు రంగు అక్షరాలతో ఉంటుంది. దాని కింద సన్నగా "ఆడవారికీ, మగవారికీ" అని కూడా ఉంటుంది. నా అవస్థలన్నీ ఆ సన్న అక్షరాలతోనే మొదలయ్యాయి.

నన్ను తయారుచేసినామె ఫర్హానా. చార్మినారు వెనక సందులో వాళ్లకు తాతలనాటి అత్తరు దుకాణం ఉంది. చిన్నప్పుడు ఆమె ప్రతి క్రిస్మస్‌కూ సికింద్రాబాదులో తన స్నేహితురాలి ఇంటికి వెళ్లేది. ఆ ఇంటి తలుపు తెరవగానే కమలాపండు తొక్కలు, లవంగం, దాల్చినచెక్క, అప్పుడే వచ్చిన కేకు, మూలన నిలబెట్టిన చెట్టుకొమ్మ, అన్నీ కలిసి ఒక్కసారిగా ముఖానికి తగిలేవట. ఆ తలుపు తెరుచుకున్న క్షణాన్ని సీసాలో పట్టాలని ఆమె పంతం. తండ్రికి గులాబీ, మల్లె, ఊదు తప్ప మరొకటి రుచించదు. నన్ను ఒక చుక్క మణికట్టు మీద రాసుకుని, వాసన చూసి, "బాగుంది గానీ బేటీ, ఇది ఆడవాళ్లదా, మగవాళ్లదా? ఏ అరలో పెట్టాలి?" అన్నాడు.

"పండగ ఇద్దరిదీ కదా అబ్బాజాన్!" అంది ఫర్హానా.

అలా మంచు ఎరుగని ఊళ్లో, మంచు చూడని మనిషి చేతిలో, చలికాలపు పండగ సెంటుగా పుట్టాను. ఆ తండ్రీకూతుళ్లు నా మీద వాదులాడుకున్నంత ప్రేమగా తర్వాత చాలాకాలం పాటు నన్నెవరూ పట్టించుకోలేదు.

నన్ను కాకినాడ మెయిన్ రోడ్డులో ఒక ఫ్యాన్సీ షాపుకు పంపించారు. ఆ షాపులో ఎడమవైపు లేడీస్, కుడివైపు జెంట్స్. యజమాని నన్ను అటు పెట్టి, ఇటు పెట్టి, చివరికి విసుగొచ్చి కీచైన్లకూ గ్రీటింగ్ కార్డులకూ మధ్య నిలబెట్టాడు. తమకోసం సెంటు కొనుక్కునేవాళ్లు అక్కడికి రారు. ఎవరికో ఏదో ఒకటి ఇచ్చి బయటపడాలనుకునేవాళ్లే వస్తారు. అలా వచ్చిన ఒక బ్యాంకు ఉద్యోగి నన్ను కొని ఎర్ర కాగితంలో చుట్టించాడు.

ఇక్కడ మీకు క్రిస్మస్ ఫ్రెండ్ సంగతి చెప్పాలి. డిసెంబరు రాగానే చర్చీల్లో, బళ్లలో, ఆఫీసుల్లో చీటీలు వేస్తారు. మీ చేతికి ఎవరి పేరు వస్తే వాళ్లే మీ క్రిస్మస్ ఫ్రెండ్. వాళ్లకు తెలియకుండా వాళ్లకోసం నెలంతా ప్రార్థన చేయాలి. చివర్లో అందరి ముందూ ఒక బహుమతి ఇచ్చి "మీ ఫ్రెండును నేనే" అని బయటపడాలి. ప్రార్థన సంగతి పైవాడికే తెలియాలి గానీ, బహుమతి సంగతి నన్ను అడగండి. చీటీలో ఆడపేరు వచ్చినా, మగపేరు వచ్చినా నేను పనికొస్తాను. కాబట్టి నన్ను అందుకున్న ప్రతి మనిషీ "థాంక్సండీ!" అని నవ్వి, బీరువాలో దాచి, వచ్చే డిసెంబరులో మరొకరికి ఇచ్చేసేవాడు. బ్యాంకు నుంచి బడికి, బడి నుంచి ఆసుపత్రికి, అక్కణ్నుంచి ఒక కుట్టు సెంటరుకు తిరిగాను. ఒకసారి పుట్టినరోజు కాగితాన్నే తిరగేసి చుట్టారు. అందరూ నన్ను ఇచ్చారు, ఒక్కరూ నన్ను నొక్కలేదు. బీరువాల్లో పట్టుచీరల పక్కన, నాఫ్తలీన్ ఉండల కంపులో కూర్చుని నాలో నేను ఎంత కుళ్లిపోయానో చెప్పలేను.

ఆఖరికి ఆశీర్వాదంగారి చేతిలో పడ్డాను. ఆయన జగన్నాథపురం వైపు ఒక చర్చిలో పాటల బృందాన్ని నడిపిస్తారు. మంచి గొంతు, మతిమరుపు మనిషి. ఆ ఏడు ఆయనకు హెప్సిబా అనే అమ్మాయి పేరు వచ్చింది. హెప్సిబా రాహేలమ్మగారి కోడలు. రాహేలమ్మగారంటే ఆ చర్చిలో తెలియనివాళ్లు లేరు. క్రిస్మస్ నాడు చర్చిలో అందరూ కలిసి తినే ప్రేమవిందుకు కేకు ఎప్పుడూ ఆ ఇంటినుంచే వస్తుంది. పిండి ఇంట్లో కలిపి, పక్క వీధి బేకరీ భట్టీలో కాల్పించి తెస్తారు. కొన్నేళ్ల కిందట రాహేలమ్మగారు ఆ పని మొత్తం కోడలికి అప్పజెప్పారు. ఊరంతా ముక్కున వేలేసుకుంది. గరిటె కూడా ఎవరికీ ఇవ్వని అత్తగారు కేకు పెత్తనం ఇచ్చిందంటే కోడలంటే ఎంత ప్రేమో అనుకున్నారు.

పండగకు ముందే జరుపుకునే సెమీ క్రిస్మస్ సాయంత్రం చర్చి నిండా జనం. చామంతి దండలు, కొత్త బట్టలు, వెనకవైపు డేగిసాల్లో బిర్యానీ. ఆశీర్వాదంగారు నన్ను హెప్సిబా చేతిలో పెట్టి, "అమ్మా, నీ క్రిస్మస్ ఫ్రెండుని నేనేనమ్మా. విప్పి కొట్టుకో, చూద్దాం!" అన్నారు. ఇన్నాళ్లకు నన్ను నొక్కబోతున్నారు!

హెప్సిబా మూత తీసి మణికట్టు మీద నొక్కింది. కొత్త సీసా కదా, గొట్టంలో ఉన్నది గాలే. రెండు మూడుసార్లు నొక్కితే గానీ నేను పైకి రాను. సీసా "టిక్కు" మంది తప్ప ఒక్క తుంపరా బయటికి రాలేదు. హెప్సిబా మాత్రం మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, "అబ్బా! ఎంత కమ్మగా ఉందోనండీ!" అంది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేను నివ్వెరపోయాను. నేనింకా రానేలేదు! రాకుండానే ఇంత పొగడ్త ఎవరికైనా దక్కిందా? చుట్టూ ఉన్న వాసనల్లో ఎవరికీ అనుమానం రాలేదు. రెండో వరసలో కూర్చున్న రాహేలమ్మగారు మాత్రం చప్పట్లు కొట్టలేదు. కోడలి చేతివైపే చూస్తున్నారు.

మర్నాడు పొద్దున హెప్సిబా భర్త ఎబినేజరు పోర్టు ఆఫీసుకు వెళ్లగానే, రాహేలమ్మగారు నన్ను పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. టకటకా నాలుగుసార్లు నొక్కారు. బుస్సున బయటికి వచ్చాను. పుట్టిన ఇన్నేళ్లకు గాలి తగిలింది. ఆ ఆనందంలో ఉండగానే చేతిరుమాలు మీద పడ్డాను. ఆవిడ ఆ రుమాలు కోడలి ముక్కు దగ్గర పెట్టారు.

"ఏం వాసనో చెప్పవే."

"బాగుందండీ అత్తయ్యగారూ."

"బాగుందా లేదా అనడగలేదు. ఏం వాసనా అని అడిగాను."

హెప్సిబా తడబడి, "గులాబీ కదండీ," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. రాహేలమ్మగారు నా అట్టపెట్టె తెచ్చి చూపించారు. "దీని మీద కమలాపండు, లవంగం, దాల్చినచెక్క, దేవదారు అని ఉంది. గులాబీ ఎక్కణ్నుంచి తెచ్చావు? నిన్న నువ్వు నొక్కినప్పుడు టిక్కుమంది గానీ బుస్సుమనలేదు. చెయ్యి కూడా తడవలేదు. చూశాను నేను."

హెప్సిబా కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చేసింది. "ఆగస్టులో జొరమొచ్చింది కదండీ. అప్పట్నుంచీ ఏ వాసనా తెలీట్లేదండీ. పాలు మాడినా తెలీట్లేదు. చెప్తే కేకు మళ్లీ మీరే తీసేసుకుంటారని..." అని ఆగిపోయింది. మళ్లీ తనే చెప్పింది. "నేను హాస్టల్లో పెరిగినదాన్నండీ. పళ్లెం మీద కూడా నంబరే ఉండేది, పేరుండేది కాదు. ఈ ఇంట్లోకొచ్చాకే 'హెప్సిబా కేకు' అన్నారు. నాదని చెప్పుకోడానికి అదొక్కటే ఉందండీ."

ఇక తిట్లు మొదలవుతాయని నేను ఎదురుచూశాను. రాహేలమ్మగారు పీట లాక్కుని కూలబడ్డారు.

"తీసుకుని నేనేం చేసుకోనే పిచ్చిదానా? నా ముక్కు పోయి ఏళ్లయిపోయింది."

హెప్సిబా ఏడుపు ఠక్కున ఆగింది.

"నీకు కేకు ఎందుకప్పజెప్పాననుకున్నావు? కోడలంటే ప్రేమన్నారు అందరూ. అనుకోనీలే అని నేనూ ఊరుకున్నాను. నా అబద్ధం నాకు తెలీదేంటే? చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, 'ఎంత కమ్మగా ఉందో' అనడం... అచ్చం నేనే!"

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత హెప్సిబాకు నవ్వొచ్చింది. అత్తగారికీ వచ్చింది. ఇద్దరూ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నారు. వాళ్లిద్దరి మధ్య రుమాలు మీద నేను ఘుమఘుమలాడిపోతున్నాను. ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. నా జాతకం అలాంటిది.

అయితే పండగ ఆగదు కదా. ప్లమ్ కేకుకు ప్రాణం పంచదార పాకం. పంచదారను నల్లకళాయిలో మాడ్చి, సరిగ్గా అదను చూసి నీళ్లు కొట్టాలి. ముందే కొడితే రంగూ రుచీ రావు, ఆలస్యమైతే చేదు. కళాయి లోపలంతా నలుపు కావడంతో రంగు కంటికి ఆనదు. అదను చెప్పవలసింది ముక్కే. ఇంట్లో మిగిలిన ముక్కు ఎబినేజరుది. అతన్ని పొయ్యి దగ్గర నిలబెట్టి అసలు సంగతి చెప్పారు. అతను కాసేపు ఆలోచించి, "అందుకా, ఈమధ్య నా సాక్సుల గురించి ఏమీ అనట్లేదు!" అన్నాడు.

పాకం మొదలైంది.

"ఎలా ఉందిరా?" అని అడిగింది తల్లి.

"బానే ఉందమ్మా."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ బానే ఉంది."

"మాడుతుందేమో చూడరా!"

"బానే మాడుతుందమ్మా."

ఆ ఏడు ప్రేమవిందులో కేకు చేదెక్కింది. ఎవరూ పైకి అనలేదు. మనుషులు కేకు తినకుండా దాచడంలో ఎంత నేర్పరులో ఆ రోజు చూశానని హెప్సిబా ఇంటికొచ్చి చెప్పింది. కాగితం ప్లేట్లు రెండేసి మడతలు పెట్టారట. పాస్టరమ్మగారు "ఈ ఏడు ఏదో కొత్తగా చేసినట్టున్నారమ్మా" అన్నారట. కమిటీ పెద్ద ఒకాయన ఇంకా సౌమ్యంగా, "పాపం అమ్మాయి కష్టపడుతుంది. వచ్చే ఏటి నుంచి బేకరీలో ఆర్డరిచ్చేద్దామండీ" అన్నారట. దానికి రాహేలమ్మగారు లేచి నిలబడి, "వచ్చే ఏడు కూడా మా ఇంటినుంచే. అప్పుడూ బాగోకపోతే మీ ఇష్టమొచ్చిన బేకరీలో చెప్పుకోండి" అని కూర్చున్నారట. హెప్సిబాకు ఆ మాట ధైర్యమివ్వలేదు సరికదా, ఆ రాత్రి అన్నం సహించలేదు. ఒక ఏడాది గడువు, ముక్కు చూస్తే పలకదు.

కొత్త సంవత్సరంలో ఎబినేజరు ఇద్దరినీ ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. వయసుతో పోయింది కాబట్టి పెద్దావిడకు రావడం కష్టమని డాక్టరు చెప్పారు. జ్వరంతో పోయినది చాలామందికి తిరిగి వస్తుందట. బాగా తెలిసిన వాసనలు ఏవైనా నాలుగైదు పెట్టుకుని, పొద్దునా సాయంత్రం వాసన చూస్తూ, అది ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలట. రాకపోయినా మానకూడదట.

ఆ రోజునుంచి నాకు ఉద్యోగం వచ్చింది. వంటింటి గట్టు మీద చిన్న పళ్లెంలో లవంగాలు, దాల్చినచెక్క, కమలాపండు తొక్క, కాఫీపొడి. చివరన పరీక్షకు నేను. ఇద్దరూ పీటలు వేసుకుని కూర్చునేవారు.

"మీకు రాదన్నారు కదండీ డాక్టరుగారు. మీరెందుకండీ?" అంది హెప్సిబా మొదటిరోజు.

"ఒక్కదానివీ కూర్చుంటే రెండ్రోజుల్లో మానేస్తావు. కానియ్, లవంగం తియ్యి," అన్నారు రాహేలమ్మగారు.

నా వాసన నాకు తెలియదు. ఎదుటివాళ్ల ముఖాల్లోనే నన్ను నేను చూసుకోగలను. అలాంటిది, రోజూ రెండుపూటలా రెండు ముఖాలు నామీదికి వంగేవి, రెండూ గోడల్లా ఉండేవి. ఫిబ్రవరి పోయింది, మార్చి పోయింది. ఈస్టరు పోయింది. హెప్సిబా రుమాలు విసిరికొట్టిన రోజులున్నాయి. అత్తగారు ఏమీ అనకుండా దాన్ని తీసి, దులిపి, మడతపెట్టి, సాయంత్రానికి మళ్లీ నన్ను నొక్కేవారు. నోటి దురుసు మనిషి అంత ఓపిక ఎక్కడ దాచుకుందో నాకు అర్థమయ్యేది కాదు. నాకు ఆవిడంటే ఇష్టం కలిగింది అప్పుడే.

ఎండలు ముదిరాక ఒక పొద్దున హెప్సిబా నన్ను వాసన చూసి ఉలిక్కిపడింది.

"ఏదో వస్తుందండీ!"

"ఏంటే? ఏంటది?"

"కిరసనాయిలు."

నాకు ఒళ్లు మండిపోయింది. కమలాపండు, లవంగం, దేవదారు కలిపి ఫర్హానా తపస్సు చేసి నన్ను తయారుచేస్తే, నేను కిరసనాయిలునా! రాహేలమ్మగారు మాత్రం చేతులెత్తి "ప్రభువా, స్తోత్రం!" అని పెద్దగా అరిచారు. "కిరసనాయిలైతే ఏంటే, ఏదో ఒకటి వచ్చింది కదా!" అని కోడలి ముఖం రెండు చేతుల్లోకి తీసుకున్నారు. అప్పుడు నాకు సిగ్గేసింది. నా పరువు సంగతి తర్వాత చూసుకోవచ్చుననిపించింది. తప్పుగా రావడం కూడా ముక్కు తిరిగి లేస్తున్న గుర్తేనని డాక్టరు కూడా చెప్పారు.

తర్వాత చాలారోజులు నేను కిరసనాయిలుగా, కాలిన రబ్బరుగా, ఒకసారి తడి కుక్కగా కూడా బతికాను. ఓర్చుకున్నాను. వానలు మొదలయ్యాక ఒక సాయంత్రం హెప్సిబా రుమాలు ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది. "కమలాపండు..." అంది నెమ్మదిగా. "తొక్క ఒలిచినప్పుడు కళ్లల్లోకి చిమ్ముతుంది చూడండి, అది." నా ప్రాణం లేచొచ్చింది. ఆ పక్కనే రాహేలమ్మగారు కూడా రుమాలు అందుకుని గట్టిగా పీల్చారు. ఆవిడ ముఖం మారలేదు. "ఊఁ, అదే అయ్యుంటుంది," అని రుమాలు తిరిగి ఇచ్చేశారు. కోడలికోసం ఎంత సంతోషించానో, ఆవిడను చూసి అంత బాధపడ్డాను.

అలా లవంగం వచ్చింది, దాల్చినచెక్క వచ్చింది. దేవదారును మాత్రం హెప్సిబా "సరుగుడు కొమ్మ" అనేది. వాళ్ల హాస్టల్లో క్రిస్మస్ చెట్టంటే సరుగుడే. నేను అభ్యంతరం చెప్పలేదు.

డిసెంబరు వచ్చింది. ద్రాక్షరసంలో నానిన ఎండుపళ్లు సిద్ధంగా ఉన్నాయి. పొద్దున్నే కళాయి పొయ్యెక్కింది. అత్తాకోడళ్లు చెరోపక్క నిలబడ్డారు. నేను కిటికీలో ఉన్నాను, అడుగున కాస్త మిగిలి. పంచదార కరిగింది, బుడగలు వచ్చాయి, పొగ లేచింది. ఎబినేజరు గుమ్మం దగ్గర నీళ్లచెంబుతో సిద్ధంగా నిలబడ్డాడు, ఎవరూ అతని అభిప్రాయం అడగకపోయినా.

"నీళ్లు," అంది హెప్సిబా ఉన్నట్టుండి.

"ఉండవే, అప్పుడేనా? రంగింకా రాలేదు," అన్నారు రాహేలమ్మగారు కళాయిలోకి తొంగిచూసి. కోడలికి అప్పజెప్పకముందు ఏళ్ల తరబడి ఆ కళాయి మీద ఆవిడ మాటే మాట. హెప్సిబా చేయి ఆగింది. అత్తగారి ముఖం చూసింది, కళాయి చూసింది. ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చింది.

"కాదండీ. వచ్చేసింది. ఇంకాగితే చేదెక్కిపోద్దండీ," అని భర్త చేతిలోంచి చెంబు లాక్కుని నీళ్లు కొట్టేసింది.

కళాయి బుస్సుమంది. వంటిల్లంతా ఆవిరి. ఆ ఆవిరి కాస్త తగ్గింది. రాహేలమ్మగారు చెంచాతో కాస్త పాకం తీసి, ఊది, నాలిక మీద వేసుకున్నారు. ముక్కు పోయినా చేదు ఎంతో నాలిక చెబుతుంది. ఆవిడ చాలాసేపు చప్పరించారు.

"నేను చెప్పినప్పుడు కొట్టి ఉంటే," అన్నారు చివరికి, "ఈ ఏడూ ప్లేట్లు మడతలు పెట్టేవాళ్లే."

ఆ మాట ఒక అత్తగారి నోట రావడం కోడలికి ఎంతో మీకు వేరే చెప్పాలా? హెప్సిబా కళాయి పక్కనే నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఎబినేజరు చెంబు ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

క్రిస్మస్ పొద్దున కేకులు చర్చికి ముందే వెళ్లాయి. రాహేలమ్మగారు తెల్లచీర కట్టుకుని, బైబిలు చంకన పెట్టుకుని, కిటికీ దగ్గరికి వచ్చి నన్ను తీసి కోడలి చేతికిచ్చారు.

"ఇంకేమైనా ఉందా ఇందులో? ఉంటే నాకు కొట్టు."

"కొంచెముందండీ. కానీ..." హెప్సిబా నసిగింది. "మీకు తెలీదు కదండీ అత్తయ్యగారూ."

"నాకు తెలీకపోతే ఏమైందే? పక్కన కూర్చునేది నువ్వే కదా!"

హెప్సిబా మూత తీసింది. నన్ను రెండు చేతులతో పట్టుకుని ఆవిడ భుజం మీద, పైటకొంగు మీద, నేను పూర్తిగా అయిపోయేదాకా నొక్కింది. ఖాళీ సీసా కిటికీలో ఉండిపోయింది. నేను మాత్రం చర్చికి వచ్చాను. మీకు ఈ కథ ఆ పైటకొంగులోంచే చెబుతున్నాను.

పాట అయ్యి అందరూ కూర్చున్నారు. పాస్టరుగారు వాక్యం తెరిచారు. హెప్సిబా పక్కకు ఒరిగి, అత్తగారి భుజానికి ముఖం ఆనించి, చెవిలో చిన్నగా చెప్పడం మొదలుపెట్టింది.

"ముందు కమలాపండండీ... ఇప్పుడు లవంగం వస్తుంది..."

రాహేలమ్మగారు కళ్లు మూసుకున్నారు. ఈసారి నటించడానికి కాదు.

"ఊఁ," అన్నారు. "తర్వాత?"